ఉత్త నీళ్లు

"నాకు ఉత్త నీళ్లేనా టీచర్?"

"ఔను. నీకు నీళ్లే," అంది ప్రసన్నకుమారి టీచర్.

ఈశ్వరికి ఒళ్లు మండింది. నంద్యాల సైన్స్ ఫెయిర్‌కు ఆళ్లగడ్డ బడి నుంచి నలుగురు ఎనిమిదో తరగతి ఆడపిల్లలు. నాలుగు గ్లాసులు, నాలుగు సీసాలు. గమ్ము అందరికీ ఒకే కొలత. యాభై సార్లు లెక్కపెట్టి కలపాలి. తేడా అంతా సీసాలోని నీళ్లలోనే. గమ్మును రబ్బరులా సాగే స్లైమ్‌గా మార్చేది వెలిగారం. అనిత సీసాలో అది మూడు చెంచాలు, మిగతా ఇద్దరికీ రెండు, ఒకటి. ఈశ్వరికి సున్నా.

ఎందుకలాగో టీచర్ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఈశ్వరి చెవికెక్కితేగా! ముందు బెంచీ అనితది. టీచర్ సెల్‌ఫోన్ పట్టుకునేదీ అనితే. నల్లమల గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే తనకేమో కుళాయి నీళ్లు.

"మాది సాగుతాది మే. నీది కారుతాది," అని బస్సులో అనిత పకపకా నవ్వింది.

సిరివెళ్ల దాటాక అనిత కునుకు తీసింది. ఈశ్వరి ఆమె సీసా మూత తిప్పింది. రెండు మూతల వెలిగారం నీళ్లు తన సీసాలో పోసుకుంది. కడుపుమంట కాస్త చల్లారింది.

నంద్యాలలో జడ్జీ ముందు నలుగురూ కలిపారు. ఈశ్వరి గ్లాసులో గమ్ము ముద్దకట్టింది. పైకెత్తితే జానెడు సాగింది. అనితదానికంటే ఎక్కువే! అనిత మొహం మాడిపోయింది. ఈశ్వరికి ఇక బహుమతి రాకపోయినా ఫర్వాలేదనిపించింది.

జడ్జీ కళ్లద్దాలు తీశాడు. "ఇది ఏ గ్లాసు పాపా?"

"ఉత్త నీళ్లది సార్!"

"వెలిగారం లేకుండా స్లైమ్ ఎట్లయితాది? మిగతావి దేంతో పోల్చి చూడాల్నో, అదే చెడిపాయ. ఇంక ఈ ప్రయోగం చెల్లదు. ఈ పాపనే ఏమో కలిపింటాది టీచరమ్మా."

జడ్జీ జాబితాలో ఆళ్లగడ్డ పేరు కొట్టేశాడు. టీచర్ ఆ కాగితం వైపు చూడను కూడా చూడలేదు. వచ్చి ఈశ్వరి భుజం మీద చెయ్యేసింది.

"ఆ మూడు సీసాలు ఎవరికిచ్చినా జరుగుతాది సార్, ఈ నీళ్ల సీసా మాత్రం ఏమీ కలపదని నమ్మి, ఏరికోరి ఈ పిల్లకే ఇచ్చినా."