లోకానికి ఇంకో అర్థం

తప్పు దొరికింది. సంపాదకుడికి ప్రాణం లేచొచ్చింది.

తొలినాటి క్రైస్తవులు రాసుకున్న ఉత్తరాలను ఇవాళ్టి వాడుక మాటల్లోకి తెస్తున్నారు ఆ ఆఫీసులో. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఆయన గీసిందే గీత. ఏ మాట వచ్చినచోట 'సృష్టి' అని రాయాలో, ఎక్కడ 'లోకం' అని రాయాలో పట్టిక కట్టింది ఆయనే. ఆ ఉత్తరాల్లో సృష్టి అంటే పురిటినొప్పులు పడుతున్న పిచ్చితల్లి. లోకం అంటే మనసివ్వకూడని మాయలాడి. రెండూ కలిపేశారో, అంతే సంగతులు!

ఆరు నెలల కింద కొత్తావిడ చేరింది. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, ప్రతులు తిరగరాయడానికి పనికొస్తుందని సిఫారసు చేసిందీ ఆయనే. నెల తిరక్కుండానే ఆవిడ తిరగరాయడం మాని, సరిదిద్దడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎవరికి సందేహమొచ్చినా ఆయన బల్ల దాటుకుని, కిటికీ పక్కనున్న ఆవిడ బల్ల దగ్గరికే పోతున్నారు. అక్కడ నవ్వులు వినిపించినప్పుడల్లా ఆయన సిఫారసు చేసిన తన నోటిని తనే తిట్టుకునేవాడు.

ఉత్తరాల తుది ప్రతి ఎవరి చేతికివ్వాలో తేల్చడానికి ఇవాళ పై ఆఫీసు నుంచి పరిశీలకుడొచ్చాడు.

"చూడండి సార్," అన్నాడు సంపాదకుడు, ఆవిడ వైపు చూడకుండా. "మూలంలో ఉన్న మాటకి అర్థం లోకం. ఇక్కడేమో 'సింగారం' అని రాశారు. ఇదేం చోద్యమండీ?"

నిన్న సాయంత్రం "ఆ మాట గురించి ఒక్కసారి..." అని ఆవిడ చెప్పబోతే, చెయ్యడ్డం పెట్టాడు. ఇప్పుడు చెప్పుకోమను, నలుగురిలో!

ఆవిడ తడుముకోలేదు. "అది ఆడవాళ్ళ జడల గురించీ, నగల గురించీ రాసిన చోటండీ. అక్కడ 'లోకం' అని పెడితే చదివేవాళ్ళు బుర్ర గోక్కుంటారు. ఆ పాత భాషలో లోకానికీ, సింగారానికీ మాట ఒకటే. పొందిగ్గా అమర్చిన దేన్నైనా అలాగే అనేవారు."

ఎవరో "ఆహా!" అన్నారు.

సంపాదకుడు గబగబా నిఘంటువు తిప్పాడు. ఉంది, రెండో అర్థం. కుర్రతనంలో తను బట్టీ పట్టిందే. తనే మర్చిపోయాడు.

"అయితే తుది ప్రతి మీరే చూడండమ్మా," అన్నాడు పరిశీలకుడు.

తలెత్తితే మొహం బయటపడుతుందని సంపాదకుడు నిఘంటువు మీదికి వంగిపోయాడు.

"ఇంతకీ ఈ భాష ఏ కాలేజీలో చదివారు?" అని ఆవిణ్ణి అడిగాడు పరిశీలకుడు.

"కాలేజీ ఎక్కడిదండీ! తెల్లారగట్టే లేచి ఒకాయన గొంతెత్తి వల్లెవేస్తుంటే, విని విని నోటికొచ్చేసింది."

"ఎవరమ్మా ఆ మహానుభావుడు?"

"ఇదుగోనండీ, మా ఆయనే," అంటూ ఆవిడ సంపాదకుణ్ణి చూపించింది.