ఏ నెట్ మంచిది?

"సోమవారంలోగా ఇంట్లో సరైన నెట్ లేకపోతే హైదరాబాదు ఆఫీసుకే వచ్చి పని చేయమన్నారత్తయ్యా" అంది సాయిసాత్విక, కంచంలో అన్నం కెలుకుతూ.

మజ్జిగ పోస్తున్న కృష్ణకుమారి చెయ్యి ఆగలేదు. "అదేదో నేను చూస్తాలే. నువ్వు తిను" అంది.

మాచర్లలో ఆ వీధికి నెట్ ఇచ్చే కేబులతను వ్యాపారం ఎత్తేసి వారమైంది. ఫోన్ నెట్‌తో నెట్టుకొస్తుంటే, మీటింగు మధ్యలో సాత్విక మాట తెగిపోతోంది. ఆ పిల్లకు ఉద్యోగం కావాలి. అత్తగారిని ఒంటరిగా వదిలి వెళ్ళడం మాత్రం ససేమిరా ఇష్టం లేదు.

కొడుకు చక్రధర్ పోయి ఏడు నెలలు. సాగర్ రోడ్డులో లారీ గుద్దింది. అప్పటినుంచి ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. ఏడ్చే ఓపిక కూడా ఇద్దరికీ అయిపోయింది. పొద్దున కాఫీ, మధ్యాహ్నం భోజనం, చీకటి పడితే లైటు. కూతుర్ని తీసుకెళ్దామని సాత్విక నాన్న వస్తే, సంవత్సరీకం కాకుండా కోడలు గడప దాటకూడదని చుట్టాలు అడ్డం పడ్డారు. "అయ్యాక కూడా నేను రాను నాన్నా. అత్తయ్యకు ఎవరున్నారు?" అంది సాత్విక. అలాంటి కోడలు దొరకడం కృష్ణకుమారి అదృష్టమని బజారంతా అంది. కొడుకు పోయిన మనిషికి అదృష్టమట, వినడానికైనా ఉండాలి.

ఇరవయ్యారేళ్ళ పిల్ల. ఆ గది, ఆ లాప్‌టాప్, గోడ మీద మొగుడి ఫోటో. అయినా లోపల ఆ పిల్ల దగ్గు వినిపిస్తే చాలు, ఇంట్లో మనిషి ఉందని కృష్ణకుమారికి ధైర్యం.

నెట్ గురించి ఆమెకు తెలిసింది గుండుసున్నా. అయినా చీర మార్చుకుని బయల్దేరింది. ఆ వీధికి లైను ఇచ్చే కంపెనీలు రెండే. బస్టాండు దగ్గర ఒకటి, స్టేషన్ రోడ్డులో ఒకటి. ముందు బస్టాండు దగ్గరికి వెళ్ళింది. అక్కడి మేనేజరు అమర్నాథ్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మీది మాటిమాటికీ పోద్దా బాబూ?"

"పోదు పిన్నిగారూ. ఒకవేళ పోయినా రెండు గంటల్లో మా మనిషి మీ ఇంట్లో ఉంటాడు."

"కరెంటు పోతే?"

"బ్యాటరీ ఇస్తాం. నాలుగు గంటలు వస్తది. నమ్మకం లేకపోతే మీ వీధిలో ఎవర్నైనా అడగండి."

అడిగింది. ఒకరిని కాదు, ఆరిళ్ళు తిరిగింది. చివరికి వెనకింటి ముంతాజ్ దగ్గర కూలబడింది. ముంతాజ్ కుట్టుమిషను ఆపి మంచినీళ్ళిచ్చింది.

"మీది ఏ కంపెనీ అమ్మా?"

"స్టేషన్ రోడ్డుదక్కా. దాని జోలికి మాత్రం పోబాక. పోయిందంటే వారం. ఫోనెత్తరు. ఎత్తినా రేపంటారు. మా జెబా క్లాసులు చానా పోయినయ్యి."

"వారమా? ఎప్పుడన్నా ఒకసారా, ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంతే."

కృష్ణకుమారి నీళ్ళు తాగి లేచింది. కోడల్ని నిలుపుకోవడానికి ఈ వయసులో ఈమెకెన్ని తిప్పలోనని ముంతాజ్‌కు జాలేసింది.

ఆదివారం ఇద్దరు మనుషులు నిచ్చెన తెచ్చి, గోడకు బొక్క వేసి, పెట్టె బిగించి వెళ్ళారు. పచ్చలైటు వెలిగింది. "చాలా బాగుందత్తయ్యా" అని సాత్విక ఏడు నెలల తర్వాత కాస్త నవ్వింది. ఆ నవ్వు చూసి కృష్ణకుమారికి గుండె కలుక్కుమంది.

పదో రోజు పచ్చలైటు ఎర్రబడింది. ఒక రోజు చూశారు, రెండు రోజులు చూశారు. ఐదో రోజు ఆఫీసువాళ్ళు ఇక కుదరదు, వచ్చి తీరాలన్నారు. ఉద్యోగమాయె, చుట్టాలు నోరెత్తలేదు.

బస్సు దగ్గర సాత్విక కళ్ళు తుడుచుకుంది. "నెట్ బాగవగానే వచ్చేస్తానత్తయ్యా."

"అట్టాగే. వేళకి తిను" అంది కృష్ణకుమారి. బస్సు కదిలింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. కూరగాయల బజారు మీదుగా ఇంటికి నడిచింది. ఒక్కదానికి ఎన్ని కొనాలో తెలియక, ఏమీ కొనలేదు.

గుమ్మంలో ముంతాజ్ కాచుకుని ఉంది. కోపంగానే ఉంది.

"ఆరిళ్ళు తిరిగి అడిగావు. స్టేషన్ రోడ్డుది వద్దని చెవినిల్లు కట్టుకుని చెప్పా. బంగారంలాంటి పిల్ల, నిన్ను వదిలి పోవాల్సొచ్చింది. అయినా దాన్నే పెట్టించావేందక్కా?"

కృష్ణకుమారి చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చుంది.

"నువ్వట్టా చెప్పబట్టే గదమ్మా పెట్టించింది."