తప్పు పోయినప్పుడల్లా

"ఆవిడ మళ్లీ కూలబడింది!"

సాయిశంకర్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. పాట ఆగిపోయింది.

సిస్టర్ల వరస చివర, సిస్టర్ స్కొలాస్టికా నేలమీద మోకరించి ఉంది. డెబ్బై దాటిన మనిషి. కాసేపటికి బల్ల పట్టుకుని లేచి, మళ్లీ పాటల పుస్తకం తెరిచింది.

వన్ టౌన్‌లో, పోర్టుకి ఎదురుగా కొండవాలున ఉన్న బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసినుల మఠం అది. రోజుకి ఏడుసార్లు దేవుడికి కీర్తనలు పాడటమే అక్కడివాళ్ల బతుకు. మఠం పెట్టి యాభై ఏళ్లయిన పండక్కి ఆ పాటలు రికార్డు చేయిద్దామని కూర్మన్నపాలెం నుంచి సాయిశంకర్‌ని పిలిపించారు. పెళ్లిళ్లకీ వినాయకచవితి పందిళ్లకీ కీబోర్డు వాయిస్తాడు. సంగీతంలో తనకి తెలియనిది లేదంటాడు. ఆ మాట అతను తప్ప ఇంకెవరూ అనగా వినలేదు.

"ఏంటి మదర్ ఈ గోల? మాటిమాటికీ ఆ మోకాళ్లేంటి?"

"మా నియమం బాబూ," అంది మఠానికి పెద్దయిన మదర్. "పాటలో తప్పు పోతే అక్కడే, అందరి ముందూ మోకరించాలి."

"ఓహో! అయితే దొంగ దొరికిందన్నమాట!"

మదర్ నవ్వలేదు.

"తప్పు ఎవరిదని మేం వేలెత్తి చూపం. చరణం మధ్యలో ఊపిరి తీసుకున్నంతసేపు అందరం ఆగుతాం. అక్కడ కాస్త చూసుకోవాలి."

"ఆ మాట ఆవిడకి చెప్పండి మదర్."

మళ్లీ మొదలెట్టారు. చరణం సగంలో మళ్లీ ఏదో తేడా కొట్టింది. సిస్టర్ స్కొలాస్టికా మళ్లీ మోకరించింది.

టీ వేళకి సాయిశంకర్ వరండాలోకొచ్చి, పందిళ్లలో తనతో ప్యాడ్స్ వాయించే త్రినాథరావుకి ఫోన్ చేశాడు.

"ఏటి సెప్పమంటావ్ బావా! ఇక్కడో ముసల్ది ఉంది. సుతి లేదు, తాళం లేదు. పలకరిత్తే నోరిప్పదు. తలూపుద్దంతే. ఎంత పొగరో!"

టీ తెచ్చిన వంటమనిషి వరహాలమ్మ వింది.

"ఆయమ్మనేటీ అనకండి బాబూ. ఆయమ్మకి..."

"పాట గురించి నీకేటి తెల్సు? టీ అక్కడెట్టి ఎల్లు."

మర్నాడు అతను వచ్చేసరికి మఠం గుళ్లో సిస్టర్ స్కొలాస్టికా ఒక్కతే ఉంది. పోర్టునుంచి వచ్చి పడ్డ బొగ్గు మసిని కీబోర్డు మీంచి చేతిరుమాలుతో తుడుస్తోంది.

"ముట్టుకోకండి! పాడైతే కొనిస్తారా?"

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎలాగూ ఒక్కరే దొరికారు, చెబుతున్నా. ఇకనుంచి పాటకి రాకండి. మీవల్ల అంతా చెడుతోంది. ఈ వయసులో మీకిదెందుకు? వరండాలో కూర్చుని జపం చేసుకోండి."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదాలు కదిలాయి. చేతులు జోడించి, తల వంచి, బయటికి నడిచింది.

'సరే అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయి కాబోలు' అనుకున్నాడు సాయిశంకర్.

ఆ తర్వాత ఆవిడ గుళ్లోకి రాలేదు. ఒంట్లో బాగోలేదు కాబోలని అందరూ అనుకున్నారు. వరండాలో, గుడి కిటికీ కింద గచ్చు మీద కూర్చునేది.

లోపల ఎవరూ మోకరించడం లేదు. కాబట్టి తప్పుల్లేవని సాయిశంకర్ లెక్క. హాయిగా వాయించుకున్నాడు.

వారం తిరక్కుండానే, పాట జరుగుతుండగా, ఆ కిటికీ కిందే మోకాళ్ల మీద ఆవిడ ప్రాణం పోయింది.

సమాధి చేసే రోజు సాయిశంకర్‌నే వాయించమన్నారు. కీబోర్డు నిండా బొగ్గు మసి. తుడిచేవాళ్లు లేరు. చొక్కా కొసతో తుడుచుకుని కూర్చున్నాడు.

శవపేటిక ముందు సిస్టర్లు కీర్తన ఎత్తుకున్నారు.

చరణం సగంలో అందరూ ఆగారు.

కీబోర్డు ఒక్కటే ఆగలేదు.

ఈసారి సాయిశంకర్‌కీ వినిపించింది. గబుక్కున చేతులు తీసేసి, అలవాటు కొద్దీ వరస చివరికి చూశాడు. అక్కడ చోటు ఖాళీగా ఉంది.

అన్నీ అయ్యాక మదర్ దగ్గరికి వెళ్లాడు. అయినా బింకం పోలేదు.

"ఏదో ఈ ఒక్కసారి నాకు వేలు జారింది. ఇన్నాళ్లూ పోయినవి మాత్రం ఆవిడ తప్పులే కదా మదర్?"

మదర్ పాటల పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. వేలెత్తి చూపకూడదన్నది వాళ్ల నియమం.

కొంగుతో కళ్లొత్తుకుంటున్న వరహాలమ్మకి ఆ నియమం లేదు.

"ఆయమ్మ పాడితే కదా బాబూ తప్పు పోడానికి! కేన్సరొచ్చి గొంతుక తీసేసిన కాణ్నించి, తొమ్మిదేళ్లు బట్టి, ఆయమ్మ నోట సిన్న సప్పుడైనా రాదు."