కంచెకు కట్టిన మూటలు

తెల్లారేసరికి మరో నాలుగు గుమ్మడి పిందెలు జింకల పాలయ్యాయి.

"ఈ ఏడు కూడా మా ఆయన నోట్లో మట్టే!" ఇంట్లో ఉన్న మొగుడికి వినపడేలా శోకాలు పెట్టింది ఇల్లాలు.

ముప్ఫై ఏళ్ళ కిందట, కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు విత్తనాలు దోసిట్లో పోసి, "మావాడికి గుమ్మడికాయంటే ప్రాణం" అంది. అంతే, ఏటా ఆ పాదే. వండిందంతా ఆయన కంచంలోకే. "నాకెందుకండీ, మీరు తింటే నేను తిన్నట్టే" అనేది. ఆయనా వేళ్ళు నాకుతూ, "నీ చెయ్యి పడితే అమృతమే!" అనేవాడు.

జింకలు ఆ పాదు మరిగాక, ఆమె గుడ్డపేలికలతో చిన్న చిన్న మూటలు కట్టి కంచె పొడుగునా వేలాడదీసింది. వాన పడ్డప్పుడల్లా విప్పి కొత్తవి కట్టేది.

"అదేం మందు వదినా? జింకలు చుట్టాల్లా దిగుతున్నాయి!" అంది పక్కింటి దర్జీ ఆవిడ. "అన్నయ్య చెమట చొక్కా తగిలించు. మనిషి వాసనకి రావు."

"చెమటంటే ఉప్పే కదమ్మా! ఉప్పుందంటే ఆమడ దూరం నుంచైనా వస్తాయి."

ఆ వేళే ఆమె కంటపడింది, దొడ్డి తలుపు గడియ తీసి ఉండటం. కంచె దూకడం సరే, జింకలు గడియ తియ్యడం ఎప్పుడు నేర్చాయి?

భోజనాల దగ్గర ఆ మాటే అంది. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకున్నాడు. "నేనా? నేనెందుకు తీస్తానే?"

మర్నాడు తెలతెలవారుతుండగా కట్టెలమోపు చాటున నించుంది. ఆయన చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా వచ్చాడు. గడియ తీశాడు. తలుపు బార్లా తెరిచి, "రండమ్మా, కానివ్వండి" అన్నాడు.

"ఏమిటండీ ఇది?"

చెప్పులు జారి కిందపడ్డాయి.

"నాకు గుమ్మడికాయ పడదే. మొదట్నుంచీ పడదు. అప్పుడు అమ్మ మొహం చూసి తిన్నాను, తర్వాత నీ మొహం చూసి."

"ముప్ఫై ఏళ్ళు! అమృతమన్నారే! వేళ్ళు నాకారే! కంచే చేను మేసినట్టు... ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేదండీ?"

ఆయన వంగి చెప్పులు ఏరుకున్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని, కంచె పొడుగునా నడిచి, మూటలన్నీ విప్పుకుని వంటింట్లోకి పోయి, వాటిలోని రాళ్ళ ఉప్పంతా మళ్ళీ ఉప్పు జాడీలో పోసుకుంది.