తలుపు ముందు కుర్చీ

"ఏంటీ? నువ్వా? సైకాలజీ ఎమ్మేకా?"

మూసిన తలుపు వెనక నుంచి వారం తర్వాత వచ్చిన మొదటి పూర్తి మాట అది. అప్పటిదాకా "ఆకల్లేదు", "తర్వాత తింటా" తప్ప కూతురు నోరు విప్పలేదు. ఎమ్మే ఇంటర్వ్యూలో మాట పెగలక సీటు పోగొట్టుకుని ఇంటికొచ్చిన రోజు వేసిన గడియ ఇంకా తియ్యలేదు.

"ఏం, నాకు డిగ్రీ లేదా? నేనూ నీ కాలేజీకే అప్లై చేశా. సోమవారం ఇంటర్వ్యూ." తల్లి కుర్చీ బరబరా లాక్కొచ్చి తలుపు ముందు వేసుకుంది. "నువ్వు వెళ్లొచ్చావుగా, కాస్త నేర్పవే."

"బానే ఉంది! మునిగినవాణ్ణి ఈత నేర్పమన్నట్టు."

"మునిగినవాళ్లకే కదే లోతెంతో తెలిసేది!"

లోపల మంచం కిర్రుమంది.

"సరే. సైకాలజీ ఎందుకు చదవాలనుకుంటున్నారు?"

"మనుషులంటే ఇష్టం సార్."

"అయితే పెళ్లి సంబంధాలు కుదర్చడానికి పొమ్మంటారు! అలా గాల్లో చెప్పకూడదమ్మా. ఎవరో ఒక్క మనిషి గురించి చెప్పు. నువ్వు దగ్గరగా చూసిన మనిషి."

"మా ఆయనున్నారు సార్. తాళాలు తనే ఎక్కడో పెడతారు, నన్ను తిడతారు. జేబులో దొరికాక జేబుని తిడతారు."

హాల్లో పేపరు వెనక నుంచి తండ్రి గట్టిగా దగ్గాడు. తలుపు వెనక చిన్న నవ్వు. తల్లి లేవబోయి, ఆగిపోయింది. కిటికీ మీద పిచ్చుక వాలితే ఊపిరి బిగబట్టినట్టు అలాగే కూర్చుంది.

"నెక్స్ట్. మీ దగ్గరికొచ్చిన మనిషి అసలు మాట్లాడకపోతే ఏం చేస్తారు?"

"బతిమాలతాను. అన్నం తినమంటాను. అప్పటికీ వినకపోతే నాలుగు తిడతాను."

"ఫెయిల్! అమ్మా, నువ్వు మొత్తం ఫెయిల్!" గొంతు తలుపు దగ్గరికొచ్చేసింది. "ఊరికే పక్కన కూర్చోవాలి. నీకేం కాలేదు అనకూడదు, రేపటికి సర్దుకుంటుంది అనకూడదు. బాధ గురించి తవ్వకూడదు. తనకి బాగా తెలిసిన విషయం ఏదో ఒకటి అడగాలి. చెప్పడం మొదలుపెడితే చాలు, మిగతాది తనే..."



"ఇంత బాగా చెప్తున్నావే, మరి ఆ రోజు..." తల్లి నాలిక కరుచుకుంది.

"ఆ రోజూ ఇదే అడిగారమ్మా. ఇదే జవాబు. గొంతులోనే ఉండిపోయింది."

తల్లి ఊరికే కూర్చుంది. కుర్చీ చేతిని మాత్రం గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. చింపిరి జుట్టు, ఉబ్బిన కళ్లు, వారం నాటి చొక్కా. గుమ్మంలో నిలబడి తల్లిని ఎగాదిగా చూసింది.

"వచ్చే ఏడు మళ్లీ అప్లై చేస్తా."

"చెయ్యి. నా సంగతేంటి మరి? సోమవారం గట్టెక్కుతానంటావా?"

"ఆ కాలేజీలో ఇంటర్వ్యూలు నేను వెళ్లిన రోజుతోనే అయిపోయాయి. నువ్వు కుర్చీ లాగినప్పుడే తెలుసమ్మా, సోమవారం లేదూ, ఏమీ లేదని. లోపలికి రా, సీటిచ్చా!"