అట్ట మహిమ

“ఇది కాదయ్యా! ఇది కోపం వచ్చిన ఎరుపు. నాకు సిగ్గుపడే ఎరుపు కావాలి” అన్నాడు రచయిత.

ప్రెస్సాయన కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. “గురువుగారూ, నిన్న సిగ్గుపడేదే వేశాను. శుభలేఖలా ఉందన్నారు.”

“అయితే ఎరుపే వద్దు. పసుపు చూద్దాం.”

“చూద్దాం. ఇంతకీ కథలెప్పుడిస్తారు?”

“కథలెక్కడికి పోతాయి? బల్ల సొరుగులో ఉన్నాయి. వాటి గురించి నాకు బెంగ లేదు. ముందు అట్ట తేలనీ!”

అతని బెంగంతా అట్ట గురించే. మొదటి పుస్తకం బూడిదరంగు అట్టతో వచ్చింది, మంచం కింద చేరింది. రెండోది మట్టిరంగు. దాని కట్టలు రెండు, గడగడలాడే వాషింగ్ మెషిన్ కాళ్ళ కింద ఎత్తుకి పనికొచ్చాయి. మిగతావి తలుపు వెనక నిలబడి ఉన్నాయి. తప్పు రంగుదేనని అతను తేల్చేశాడు. కథల మీద అనుమానం అతనికి కలలో కూడా రాలేదు.

భార్య మాత్రం ఇంకోటి తేల్చింది. “ఇదే ఆఖరండీ. ఇదీ అమ్ముడుపోకపోతే మళ్ళీ కలం ముట్టుకోనని మాటివ్వండి. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు.”

మాటిచ్చాడు. కలం లేకపోతే తను ఎందుకూ కొరగాడని అతనికి తెలుసు. ఉన్నా అంతేనని ఆవిడకి తెలుసు.

పసుపు పోయింది, నీలం పోయింది. చివరికి చిలకాకుపచ్చ దగ్గర పని తెమిలింది. మధ్యలో ఒక కిటికీ, కిటికీలో బద్ధకంగా ఒక పిల్లి. ప్రెస్సాయన నమూనా కుట్టించి, దళసరి అట్ట వేయించి తెచ్చాడు.

“చేత్తో పట్టుకు చూడండి.”

రచయిత దాన్ని నిమిరాడు, వాసన చూశాడు. భార్యను గుమ్మంలో నిలబెట్టి, ఆవిడ చేతిలో పెట్టి, వీధిలోంచి చూశాడు. అవతల వెళ్ళేవాడెవడో ఆగి మరీ చూశాడు.

“ఇదేనయ్యా! అచ్చం ఇలాగే రావాలి.”

“మళ్ళీ మార్పులు చెప్పరు కదా?”

“చెప్పను. నువ్వు కూడా సొంత తెలివి వాడొద్దు. నా చేతిలో ఉన్నదే, ఉన్నదున్నట్టు దింపు. ఒక్క చుక్క ఎక్కువైనా ఊరుకోను.”

అతని సంగతి తెలిసిన ప్రెస్సాయన నమూనా మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు.

పుస్తకాలు మెరిసే ప్లాస్టిక్ తొడుగుల్లో వచ్చాయి. రచయిత తన కాపీని తొడుగుతో సహా అద్దాల బీరువాలో నిలబెట్టాడు. గాలి తగిలితే రంగు వెలుస్తుందని అతని భయం.

వారం తిరక్కుండానే కాలేజీ ఎదుటి కొట్టాయన ఫోన్ చేశాడు. “సార్, అన్నీ అయిపోయాయి! పిల్లలు ఎగబడుతున్నారు. ఇంకో విడత పంపించండి.”

రచయితకి కాళ్ళు నేలమీద ఆగలేదు. చొక్కా మార్చుకుని కొట్టు దగ్గరికి పరిగెత్తాడు. బస్సు కోసం నిలబడ్డ ఒకమ్మాయి చిలకాకుపచ్చ పుస్తకాన్ని గుండెకి హత్తుకుని ఉంది.

“ఎలా ఉందమ్మా ఆ పుస్తకం?”

“సూపర్ అంకుల్! మా హాస్టల్లో అందరి దగ్గరా ఇదే. నాది అప్పుడే సగం అయిపోయింది.”

“ఎక్కడైనా విసుగు పుట్టిందా?”

“అబ్బే, హాయిగా సాగిపోతుంది.”

రచయిత చొక్కా కాలరు సర్దుకున్నాడు. “రాసిందెవరో చూశావా?”

“పేరు చూళ్ళేదంకుల్. పిల్లిని చూసి కొన్నా” అంటూ ఆ పిల్ల బస్సెక్కేసింది.

గొప్ప రచన ముందు రచయిత పేరు గుర్తుండదని సర్దిచెప్పుకుంటూ, దారి పొడుగునా నాలుగో పుస్తకం అట్ట రంగు ఆలోచిస్తూ ఇల్లు చేరాడు.

“చూశావుటే! ఇంక కలం పట్టుకోనా వద్దా?”

“మాటంటే మాటే, పట్టుకోండి” అంది భార్య. “ఇంతమంది ఎగబడ్డారంటే నేనూ చూడాలిగా!” అని బీరువాలోంచి పుస్తకం తీసి తొడుగు చించేసింది.

పెళ్ళయినప్పటినుంచీ అతని రాత ఒక్క పేజీ దాటి చదవని మనిషి. అతను పరీక్ష ఫలితం వినేవాడిలా కళ్ళు మూసుకున్నాడు. పేజీ తిరిగిన చప్పుడు. ఇంకోటి. ఆ తర్వాత గబగబా చివరిదాకా.

“నిజం చెప్పనా? మీ పుస్తకాలన్నిట్లోకీ ఇదే బాగుందండీ” అంటూ ఆవిడ పుస్తకాన్ని అతని చేతుల్లో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను మురిసిపోతూ తెరిచి చూశాడు.

అన్నీ తెల్ల కాగితాలే.