నాలుగు దిళ్ళు, ఒక మేనత్త

"ఇంకో దిండు పట్రా పిసీలా. వీడి నడుము కిందికి జారిపోతోంది," అంది వాసితి.

పిసీలా భర్త వైపు చూసింది. వద్దని సెమిసి కళ్ళతోనే బతిమాలాడు. అప్పటికే అతని వీపు వెనక మూడు దిళ్ళున్నాయి. కాళ్ళ మీద రెండు కంబళ్ళు, ఛాతీ మీద గోరువెచ్చని కొబ్బరినూనె. మంచం పక్కన చైనావాళ్ళ కొట్లో కొన్న ఆవిరి మిషను బుసలు కొడుతోంది. గాలి తగలకూడదని కిటికీలన్నీ మూసి, వాటికి చాపలు కట్టారు. ఊపిరాడకే ఆసుపత్రిలో చేరానని, ఇంటికొచ్చినా అదే బతుకైందని సెమిసికి ఏడుపొచ్చింది.

న్యుమోనియాతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే హాపై దీవుల నుంచి ఓడలో మేనత్త వాసితి దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో నూనె సీసా. దిగి అయిదు వారాలైంది. నూనె ఎప్పుడో అయిపోయి మూడో సీసా నడుస్తోంది. సంచి మాత్రం గది తలుపు పక్కన అలాగే ఉంది.

"అత్తయ్య దాన్ని విప్పనేలేదు చూశావా? పెద్ద పెట్టె వెనకాల వస్తోందేమో," అని గొణిగింది పిసీలా.

"నోర్ముయ్. వింటుంది."

టోంగాలో తండ్రికి ఎదురు చెప్పినవాణ్ణి ఎలాగో క్షమిస్తారు. తండ్రి అక్కకు ఎదురు చెప్పినవాణ్ణి చర్చిలో పక్కన కూర్చోనివ్వరు. ఇక ఇంటికొచ్చిన మేనత్తను ఎప్పుడు వెళ్తారని అడగడమా! అంతకంటే మళ్ళీ న్యుమోనియా తెచ్చుకోవడం నయం.

మంగళవారం నర్సు వచ్చి ఛాతీ విని, "శుభ్రంగా ఉంది. రేపట్నించి పనికి పోవచ్చు," అంది. ఆ సమయానికి వాసితి బజారుకెళ్ళింది. తిరిగొచ్చాక సెమిసి ఆ మాట చెప్పలేదు. తగ్గిపోయిందనడమంటే ఇక మీ అవసరం తీరిందనడమే కదా.

శుక్రవారం కెప్టెన్ హెనెలీ ఫోన్ చేశాడు. సెమిసి అతని చేపల పడవలో ఆరేళ్ళుగా ఇంజను చూస్తున్నాడు.

"ఏరా, ఇంకా పరుపు మీదేనా? సోమవారం పొద్దున్నే బయల్దేరుతున్నాం. నువ్వు రాకపోతే మా బావమరిదిని ఎక్కించుకుంటా. వాడు ఎక్కాడంటే మళ్ళీ దిగడు. మా ఆవిడ దిగనివ్వదు. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

"వస్తానన్నా. ఎలాగైనా వస్తా."

ఆ ఇంజను తప్ప సెమిసికి వేరే పని రాదు. తమ నెయాఫు రేవులో ఇంజను మనిషి కావాలనే పడవ ఇంకొకటి లేదు. ఫోను పెట్టేశాక అతనికి నిజంగానే ఆయాసం వచ్చింది.

శనివారం ఉపాయంగా కదిపి చూశాడు.

"అత్తయ్యా, అక్కడ మీ పందులకు మేత ఎవరు పెడుతున్నారో పాపం."

"వాటి గోల నీకెందుకురా? ముందు నువ్వు లే."

"పెళ్ళిలో కానుకిద్దామని మీరు నేస్తున్న చాప కూడా సగంలో ఆగిపోయిందనుకుంటా."

"ఆగితే ఆగింది. చాపకేం దగ్గు రాదుగా," అంటూ కోడి సూపు గిన్నె అతని మూతికి ఆనించింది వాసితి. ఈమె ఇక్కడే స్థిరపడిపోయిందని సెమిసికి ఖాయమైపోయింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూనే పిసీలా పట్టుకుంది.

"రేపు చెప్తావా, చెప్పవా?"

"నువ్వు చెప్పరాదూ?"

"నేనా! బయటినుంచి వచ్చిన కోడల్ని. మీ అత్తయ్య ముందు గట్టిగా తుమ్మే హక్కు కూడా లేదు నాకు."

చివరికి సెమిసే చెప్పాలని తేలింది. 'తగ్గిపోయింది అత్తయ్యా, పనికి వెళ్తున్నాను.' అంతే. దాన్ని దిండులోకి మొహం పెట్టి పాతికసార్లు వల్లించాడు.

సోమవారం తెల్లవారుతూనే వాసితి నిమ్మాకుల టీ తెచ్చింది. అతని చంకలో థర్మామీటరు పెట్టి తీసి, వెలుగులోకి ఎత్తి చూసింది.

"జ్వరం లేదు. లోపల ఎలా ఉందో నీకే తెలియాలి. ఎలా ఉందిరా?"

అడిగి, అతని మొహంలోకే చూస్తూ నిలబడింది. ఇంతకంటే మంచి అదను దొరకదు. సెమిసి గొంతు సవరించుకున్నాడు. దాంతో దగ్గొచ్చింది. ఎదురుగా తండ్రి మొహంలాంటి మొహం, తండ్రి కూడా తలవంచి మాట్లాడిన మనిషి. పుట్టినప్పటినుంచీ నేర్చుకున్న మర్యాద నాలుకను పట్టేసింది.

"మీ చేతి చలవ అత్తయ్యా. మీరే లేకపోతే ఈపాటికి నేనెక్కడుండేవాణ్ణో."

వాసితి తలుపు పక్కనున్న సంచి వైపు చూసింది. పెద్దగా నిట్టూర్చింది.

"సరే, అయితే పడుకో," అని కంబళి గడ్డం దాకా లాగి, ఆవిరి మిషన్లో నీళ్ళు పోసింది.

కాసేపటికి రేవు వైపు నుంచి పడవ కూత వినిపించింది. ఆరేళ్ళుగా తాను కాపాడుకొచ్చిన ఇంజను చప్పుడు దూరమవుతుంటే, సెమిసి నాలుగు దిళ్ళ మధ్య కళ్ళు మూసుకుని పడుకున్నాడు. పిసీలా గుమ్మంలోంచి ఓసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

బయట పెరట్లో వాసితి పొయ్యి మీద ఆకులు మరిగిస్తోంది. పాస్టరుగారి భార్య కంచె దగ్గర ఆగి పలకరించింది.

"అయిదు వారాలుగా కన్నకొడుకులా చూసుకుంటున్నారు. సెమిసి అదృష్టవంతుడు. మరి మీ ఊరికి ఎప్పుడు ప్రయాణం?"

వాసితి మూసి ఉన్న కిటికీ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"వాడు నన్ను వదిలితే కదమ్మా!"